.22 సెమీ ఆటో రైఫిల్: ఏది కొనాలి, ఏం మార్చాలి, దేని జోలికి పోకూడదు

రేంజ్‌లో రైఫిల్ ఇరుక్కుంటే ముందు తిట్లు తినేది రైఫిలే. "ఈ మోడల్ ఇంతే" అని ఒకరంటారు, "బోల్ట్ మార్చెయ్" అని ఇంకొకరు. పక్కన కూర్చుని ఓపికగా చూస్తే మాత్రం చాలాసార్లు తప్పు తూటాది, లేదంటే మ్యాగజైన్‌ది, లేదంటే ఆరు నెలలుగా బోల్ట్ తుడవని మనిషిది. అయినా ఆ మనిషి ఇంటికెళ్లి కొత్త ట్రిగ్గరో కొత్త బ్యారెలో ఆర్డర్ పెడతాడు. నేనూ పెట్టాను, అందుకే చెప్తున్నాను.

ఇక్కడ మాట్లాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా కాల్చే సెమీ ఆటోల గురించి మాత్రమే. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటా పేలుతుంది. ఆ పేలుడు బలంతోనే బోల్ట్ వెనక్కి వెళ్లి ఖాళీ కేసును, అంటే తూటా ఇత్తడి గొట్టాన్ని, బయటికి విసిరి, ముందుకొస్తూ తర్వాతి తూటాను ఎక్కించుకుంటుంది. టార్గెట్ ప్రాక్టీసుకీ, స్టీల్ ప్లేట్ల పోటీలకీ, అనుమతి ఉన్నచోట చిన్న జంతువుల వేటకీ వాడేవి ఇవే. ఒలింపిక్స్ తరహా 50 మీటర్ల రైఫిల్ నేర్చుకోవాలని ఉంటే ఇక్కడే ఆగిపోండి. దానికి ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చే టార్గెట్ రైఫిల్ కావాలి, సెమీ ఆటో పనికిరాదు.

ఇంకో మాట. సెమీ ఆటోకు లైసెన్స్ ఇస్తారా, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు ఉండొచ్చు, బ్యారెల్ పొడవు ఎంత ఉండాలి, భుజానికి ఆనించే స్టాక్ ఆకారం ఎలా ఉండాలి అన్నవి దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి కూడా మారతాయి. రైఫిల్ కొనేటప్పుడు అందరూ అడుగుతారు. మ్యాగజైన్, స్టాక్ లాంటి విడిభాగాలు కొనేటప్పుడే అడగడం మర్చిపోతారు.

ఈ తూటాకి ఇంత పేచీ ఎందుకు

ఏ మోడల్ మంచిదో తేల్చాలంటే ముందు ఈ తూటా గురించి కాస్త తెలియాలి. .22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది. ఇందులో మంట అంటించే మందు కేసు అడుగున అంచు చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నొక్కితే తూటా పేలుతుంది. అంచు చుట్టూ మందు సమంగా పరుచుకోని తూటా అప్పుడప్పుడూ పేలకుండా ఉండిపోతుంది. అది రైఫిల్ లోపం కాదు. అలా జరిగితే బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, తర్వాతే బోల్ట్ లాగాలి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే కానీ లేకపోలేదు.

ఆ అంచే మ్యాగజైన్‌లోనూ ఇబ్బంది పెడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే, బోల్ట్ దాన్ని ముందుకు నెట్టలేదు. ఇక గుండు మీద, అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే సీసం మీద, మైనం లాంటి పూత ఉంటుంది. అది వేడికి కరిగి, మసితో కలిసి, ఛాంబర్‌లో (కాల్చేటప్పుడు తూటా కూర్చునే చోటు), బోల్ట్ ముఖం మీద బంకలా పేరుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది బోల్ట్ పని చేసే తీరు. ఈ రైఫిళ్లలో ఎక్కువ వాటిలో బోల్ట్‌కు తాళం అంటూ ఉండదు. దాని బరువు, వెనకున్న స్ప్రింగ్, ఈ రెండే పేలుడును ఆపుతాయి. తూటా బలం మరీ తక్కువైతే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, ఖాళీ కేసు సగంలోనే చిక్కుకుంటుంది. మరీ ఎక్కువైతే బోల్ట్ వెనక గోడకు గట్టిగా కొట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. రైఫిల్, మ్యాగజైన్, తూటా మూడింటినీ కలిపి ఒకే యంత్రం అనుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

రూగర్ 10/22

ఎవరిని అడిగినా ముందు వచ్చే పేరు ఇదే. 1964లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. ఇంతకాలం నిలబడటానికి అసలు కారణం మ్యాగజైనే అని నా నమ్మకం. పది తూటాలు పట్టే ఆ చిన్న డబ్బాలో తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవు. గిరగిర తిరిగే చక్రం గాడుల్లో దేనికది విడిగా కూర్చుంటుంది. అంచులు ఒకదానికొకటి తగులుకునే సమస్యే లేదు. పైగా తూటాను ఛాంబర్‌లోకి మళ్లించే పెదవులు ఉక్కువి, అంత తేలిగ్గా వంగవు. స్టాక్‌లో పూర్తిగా ఇమిడిపోతుంది కాబట్టి బయటికి పొడుచుకు రాదు.

రెండో కారణం బ్యారెల్. రిసీవర్‌కు, అంటే బోల్ట్ కదిలే పెట్టెకు, మరతో బిగించి ఉండదు. వి ఆకారంలో ఉన్న చిన్న దిమ్మె, రెండు స్క్రూలు, అంతే. మామూలు అలెన్ కీతో బ్యారెల్ మార్చేయొచ్చు. ట్రిగ్గర్ మొత్తం ఒకే పెట్టెలా రెండు పిన్నులతో వేలాడుతుంది. ఇంత సులభం కాబట్టే దీని చుట్టూ విడిభాగాల సంత తయారైంది. రూగర్ తయారు చేసిన ఒక్క ముక్క కూడా లేకుండా 10/22 తరహా రైఫిల్ కట్టుకునేవాళ్లు ఉన్నారు.

లోపాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ బరువు, పైగా కాస్త గరగరలాడుతుంది. ఆఖరి తూటా తర్వాత బోల్ట్ తెరిచి నిలవదు, ఖాళీ అయిందని 'టిక్' శబ్దం వచ్చాకే తెలుస్తుంది. పాత మోడళ్లలో బోల్ట్ ఆపే మీట అలవాటయ్యే దాకా విసిగిస్తుంది. మామూలు మోడల్ రిసీవర్ వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి బ్యారెల్‌ను ముందు వైపు నుంచే శుభ్రం చేయాలి. శుభ్రం చేసే కడ్డీ బ్యారెల్ మూతి అంచుని గీరిందంటే గురి పాడవుతుంది. కడ్డీని మధ్యలో నిలిపే గైడ్ లేకుండా దూర్చకండి. 2012 నుంచి రెండు ముక్కలుగా విడదీసే టేక్‌డౌన్ మోడల్ కూడా ఉంది. అందులో బ్యారెల్ విడిగా వచ్చేస్తుంది కాబట్టి ఈ బాధ లేదు.

మార్లిన్ మోడల్ 60

1960 నుంచి ఆరు దశాబ్దాల పాటు తయారైంది. మార్లిన్‌ను 2020లో రూగర్ కొనుక్కుంది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా సెకండ్ హ్యాండే. బ్యారెల్ కింద పొడవాటి గొట్టంలో తూటాలు పోసుకోవాలి. విడిగా మ్యాగజైన్ ఉండదు కాబట్టి పోగొట్టుకునేదీ లేదు. బ్యారెల్ లోపల 16 సన్నటి గాడులు ఉంటాయి. పెట్టెలోంచి తీసినది తీసినట్టు కాలిస్తే, మామూలు 10/22 కంటే ఇదే బిగువైన గ్రూపు (గుళ్లు దగ్గరదగ్గరగా పడటం) ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. ఈ మాటంటే 10/22 అభిమానులకు కోపం వస్తుంది, రానివ్వండి.

మార్పులు చేసుకుందామంటే మాత్రం దీనిలో పెద్దగా చోటు లేదు. విప్పి మళ్లీ బిగించేటప్పుడు బోల్ట్ స్ప్రింగ్ తేలిగ్గా మెలిపడుతుంది. ఒకసారి మెలిపడిన స్ప్రింగును సాగదీసి వాడకండి, కొత్తది వేయండి. సెకండ్ హ్యాండ్‌ది చూస్తున్నప్పుడు తూటాను ఛాంబర్ దాకా మళ్లించే ఫీడ్ భాగం అరిగిందేమో చూడండి. ఛాంబర్ అంచు మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గాటు కూడా గమనించండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతూ ఆడిన రైఫిళ్లకు ఆ గాటు పడుతుంది, ఆపైన ఖాళీ కేసు బయటికి రావడానికి మొరాయిస్తుంది. ఇంకో జాగ్రత్త: గొట్టం ఖాళీ చేశామనుకున్నాక కూడా ఒక తూటా లోపల దాగి ఉండొచ్చు. లోపలి కడ్డీ పూర్తిగా తీసి, బోల్ట్ చాలాసార్లు లాగి, ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమితే గానీ అది ఖాళీ అని నమ్మొద్దు.

బ్రౌనింగ్ ఎస్ఎ-22

జాన్ బ్రౌనింగ్ గీసిన డిజైన్, 1914 నుంచి ఉంది. చేతిలోకి తీసుకుంటే దించాలనిపించదు. తేలిక, సన్నం, పనిముట్టు అవసరం లేకుండా రెండు ముక్కలుగా విడిపోతుంది. తూటాల గొట్టం స్టాక్ లోపల ఉంటుంది. ఖాళీ కేసులు కింద నుంచి పడతాయి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది వరమే, ముఖం ముందు నుంచి ఇత్తడి ఎగిరిపోదు. కాకపోతే ఒక్కోసారి వేడి కేసు చొక్కా చేతిలోకి దూరుతుంది. స్కోప్ కూర్చోబెట్టడం మాత్రం ఇబ్బందే, మార్చుకోవడానికీ దాదాపు ఏమీ లేదు. ఇది కొనేవాళ్లు మార్చాలని కొనరు.

ఎం అండ్ పి 15-22

స్మిత్ అండ్ వెసన్ 2009లో తెచ్చింది. ఆకారం ఏఆర్-15 అనే పెద్ద సెమీ ఆటో రైఫిల్‌ది, తూటా .22ది. రిసీవర్ పైభాగం, కిందిభాగం రెండూ పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, కాబట్టి చూపుకి బరువుగా ఉన్నా ఎత్తితే తేలిక. ఏఆర్-15 అలవాటున్నవాళ్లకు సేఫ్టీ, మ్యాగజైన్ బటన్, బోల్ట్ మీట అన్నీ అదే చోట ఉంటాయి. ఏఆర్ ట్రిగ్గర్లు, గ్రిప్పులు, స్టాకులు చాలావరకు పడతాయి. బ్యారెల్, బోల్ట్ మాత్రం పడవు. ఆఖరి తూటా తర్వాత బోల్ట్ తెరిచి నిలుస్తుంది. రెండు పిన్నులు లాగితే తెరుచుకుంటుంది, బ్యారెల్‌ను వెనక నుంచి హాయిగా తుడవొచ్చు. స్టాక్ పొడవు సర్దుకోవచ్చు కాబట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఎత్తుల వాళ్లు కాల్చేట్టయితే నేను దీనికే ఓటేస్తాను. అయితే ఈ ఆకారాన్ని, 25 తూటాల మ్యాగజైన్‌ను ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి.

మిగతావి

సావేజ్ ఏ22లో ట్రిగ్గర్ బరువును యజమానే సర్దుకోవచ్చు. ఏమీ మార్చకుండా మంచి గురి కావాలనుకునేవాళ్లు తప్పక చూడాల్సింది. విన్‌చెస్టర్ వైల్డ్‌క్యాట్‌కు 10/22 మ్యాగజైన్లే పడతాయి, లోపలి భాగమంతా పనిముట్టు లేకుండా కింద నుంచి ఊడి వస్తుంది. శుభ్రం చేయడం ఇంత తేలికైన .22 సెమీ ఆటోలు తక్కువ. విడిభాగాల సంత మాత్రం ఇంకా చిన్నది. సీజెడ్ 512 గట్టి పనితనం ఉన్నది, దొరికే చోట సంకోచించక్కర్లేదు.

మొదటి రైఫిల్ కొంటున్నవాళ్లు నన్నడిగితే మామూలు 10/22 అంటాను. అది అన్నిటికంటే గొప్పదని కాదు. చెడితే బాగుచేయడం ఎలాగో చెప్పేవాళ్లు, మార్చడానికి ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి. మార్పుల జోలికే పోని మనిషికి బాగున్న పాత మార్లిన్ చాలు.

ముందు తూటాలు, తర్వాతే సామాన్లు

రైఫిల్ వచ్చిందనుకుందాం. మొదటి రెండు మూడు నెలలు దానికి ఏమీ కొనకండి. ఆ డబ్బుతో అయిదారు రకాల తూటాలు, ఒక్కోటి ఒక పెట్టె కొనండి. 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల గుండున్నవే తీసుకుంటే పోల్చడం తేలిక. స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు సెకనుకు 325 మీటర్ల దగ్గర ఉంటాయి, ధ్వని వేగానికి కాస్త తక్కువ. హై వెలాసిటీవి 380 దగ్గర. రెండో రకం బోల్ట్‌ను నమ్మకంగా తిప్పుతుంది. మొదటి రకం తరచు బిగువైన గ్రూపు ఇస్తుంది కానీ కొన్ని రైఫిళ్లలో బోల్ట్‌ను పూర్తిగా నెట్టలేదు. మీ రైఫిల్‌కు ఏది నచ్చుతుందో దాన్నే అడగాలి. ఒకే మోడల్, ఒకే నెలలో తయారైన రెండు రైఫిళ్లకు కూడా రుచులు వేరుగా ఉంటాయి.

50 మీటర్ల దగ్గర, ఇసుక సంచి మీద ఆనించి, రకానికి పది చొప్పున కాల్చండి. అయిదు తూటాల గ్రూపు మోసం చేస్తుంది, అదృష్టం కలిసొస్తే ఏ తూటా అయినా మేలిమిలా కనిపిస్తుంది. రకం మారినప్పుడల్లా ముందు ఇరవై తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయండి. పాత మైనం పోయి కొత్త మైనం బ్యారెల్‌కు పట్టేదాకా ఫలితం నిజం కాదు. ఎక్కడ ఇరుక్కుందో, ఏ మ్యాగజైన్‌తో ఇరుక్కుందో పుస్తకంలో రాసుకోండి. మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని అంకెలు వేసుకోండి. ఈ చిన్న పని వల్ల "రైఫిల్ చెడిపోయింది" అన్న ఫిర్యాదులు ఎన్నో "మూడో నంబరు మ్యాగజైన్ చెడిపోయింది" దగ్గర తేలిపోయాయి.

శబ్దం మీద కూడా చెవి వేసి ఉంచండి. 'ఢామ్' బదులు 'తుస్'మంటే వెంటనే ఆగండి. గుండు బ్యారెల్ మధ్యలోనే ఉండిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, మీకు దెబ్బ తగలొచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్ గుండా వెలుతురు కనిపిస్తేనే మళ్లీ కాల్చాలి.

మార్చదగ్గవి

మొదటి మార్పు స్కోప్. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. పెద్ద రైఫిళ్ల స్కోపులు 100 గజాలకో 150 గజాలకో సర్ది ఉంటాయి. రిమ్‌ఫైర్ స్కోపులు, అంటే .22 లాంటి అంచున పేలే తూటాల కోసం చేసినవి, సాధారణంగా 50 గజాలకు సర్ది ఉంటాయి. మొదటి రకం తెచ్చి .22 మీద పెడితే, కన్ను కాస్త అటూ ఇటూ కదిలినప్పుడల్లా గురి గీత టార్గెట్ మీద జరుగుతుంది. దూరం సర్దుకునే బిళ్ల ఉన్న స్కోప్ అయితే ఈ బాధ లేదు. మరీ పెద్ద జూమ్ అక్కర్లేదు. ఎందుకంటే ఈ గుండు 50 మీటర్లకు సర్దితే 100 మీటర్ల దగ్గరికి సుమారు పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్లు కిందికి జారిపోతుంది. ఆటంతా అంతలోపే.

రెండోది స్టాక్. గట్టిగా చెప్పాలంటే ఇదే మొదటిది కావాలి, కానీ స్కోప్ పెట్టాకే లోటు తెలుస్తుంది. ఫ్యాక్టరీ స్టాక్ చాలావాటికి ఇనుప గురి ఎత్తుకు తగ్గట్టు చేసి ఉంటుంది. స్కోప్ పెట్టాక కన్ను దానికి అందాలంటే దవడ గాల్లో తేలుతుంది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి, చెంప హాయిగా ఆనించండి, కళ్లు తెరవండి. స్కోప్‌లో పూర్తి వృత్తం కనిపించకపోతే చెంప దగ్గర ఎత్తు పెంచాలి. కొత్త స్టాకే కొనక్కర్లేదు, కట్టుకునే మెత్త ఒకటి చాలు. స్టాక్ స్క్రూను ఎప్పుడూ ఒకే బిగువుతో బిగించండి. బిగువు మారితే గుండు పడే చోటూ మారుతుంది.

మూడోది ట్రిగ్గర్. 10/22కి రూగర్ వాళ్లదే బీఎక్స్ అనే రెడీమేడ్ ట్రిగ్గర్ పెట్టె ఉంది, లాగుడు సుమారు కిలోంపావు. నాకు ఇంతకంటే తేలికైనది అక్కర్లేదనిపిస్తుంది. పూర్తి పెట్టెగా వచ్చేది కొని పెట్టుకోండి, లోపలి ముక్కలను ఆకురాయితో రుద్దే పనికి మాత్రం దిగకండి. ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని పట్టి ఉంచే కొక్కెం ఒక్క పిసరు ఎక్కువ అరిగితే రైఫిల్ కింద పెట్టినా పేలుతుంది, ఒకటి నొక్కితే రెండు మూడు పేలతాయి. అది ప్రమాదం, చాలాచోట్ల పెద్ద నేరం కూడా. కొత్త ట్రిగ్గర్ వేశాక ఖాళీ రైఫిల్‌తో సేఫ్టీ పట్టుకుంటోందో లేదో, బోల్ట్ జోరుగా మూసినప్పుడు కొక్కెం జారుతోందేమో చూసుకోండి. ఆ తర్వాత రేంజ్‌లో మొదట ఒకటి, తర్వాత రెండు తూటాలే నింపి కాల్చండి.

ఇక బ్యారెల్. నా డబ్బు కాలిపోయింది ఇక్కడే. మ్యాచ్ ఛాంబర్ అని గొప్పగా రాసి ఉంటే, 23 మిల్లీమీటర్ల లావుపాటి బ్యారెల్ తెప్పించాను. ముందు అది స్టాక్‌లో పట్టలేదు, గాడి వెడల్పు చేయించాల్సి వచ్చింది. తర్వాత రేంజ్‌లో నలభై తూటాల దాకా అద్భుతం. ఆపైన మైనం పేరుకుని బోల్ట్ పూర్తిగా మూసుకోవడం మానేసింది. కాల్చని తూటాను బయటికి లాగితే గుండు ఛాంబర్‌లోనే ఉండిపోయి, కేసు ఒక్కటే వచ్చింది. మందంతా ట్రిగ్గర్ పెట్టెలో పోసుకుంది. అది అంత బిగుతు ఛాంబర్, చేత్తో ఒక్కోటి పెట్టి కాల్చే రైఫిల్‌కు సరిపోయేది. సెమీ ఆటోకు కావలసింది బెంట్జ్ ఛాంబర్ అంటారే, అది. మామూలు ఛాంబర్ కంటే బిగువు, మ్యాచ్ ఛాంబర్ కంటే వదులు. బ్యారెల్ అమ్మేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పలేకపోతే కొనకండి.

చిన్న చిన్నవి కొన్ని పెద్ద ఖర్చు లేకుండా సుఖాన్నిస్తాయి. బోల్ట్ వెనక కొట్టుకునే ఉక్కు పిన్ను తీసి పాలిమర్ బఫర్ వేస్తే చప్పుడు తగ్గుతుంది, రిసీవర్‌కు దెబ్బ తగ్గుతుంది. లాగితే చాలు వదిలే బోల్ట్ మీట పెట్టుకుంటే పాత 10/22 విసుగు పోతుంది. రంగురంగుల బోల్ట్ పిడులు, చిల్లుల గొట్టాలు లాంటివి చూడ్డానికి బాగుంటాయి, గుండు ఎక్కడ పడుతుందో వాటికి పట్టదు.

ఎప్పుడైనా సరే, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ పాత తూటాతో, పాత మ్యాగజైన్‌తో కనీసం రెండొందలు కాల్చి చూశాకే తర్వాతది. ట్రిగ్గర్, బోల్ట్, స్ప్రింగ్ మూడూ ఒకే ఆదివారం మార్చి, సోమవారం నుంచి "ఎందుకు జామ్ అవుతోంది" అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఛాంబర్ తుడిచారు, మ్యాగజైన్ మార్చారు, తూటా మార్చారు, అయినా ఖాళీ కేసు సగంలో చిక్కుకుంటూనే ఉందా? అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ చూడండి. బోల్ట్ కుడి పక్కన చిన్న గోరులా ఉంటుంది. దాని కొస గుండ్రంగా అరిగినా, వెనకున్న బుల్లి స్ప్రింగ్ మసితో బిగుసుకుపోయినా కేసు అంచు జారిపోతుంది. తీసేటప్పుడు రైఫిల్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీయండి. ఆ స్ప్రింగ్ ఎగిరిందంటే గదంతా పాకినా దొరకదు.